ఫోన్‌లో లాభం, గోదాంలో నష్టం: రైతుకు ఎలాంటి మార్కెట్ సిమ్యులేటర్ కావాలి?



పై వీడియోలో మార్కెట్ లెక్కల షీటు ఎలా తయారు చేసుకోవాలో చూపించాను. ఏ గడిలో ఏం నింపాలో అందులో ఉంది గానీ, అసలు నేను ఆ షీటు దాకా ఎందుకు వచ్చానో చెప్పలేదు. కెమెరా ముందు చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ మధ్య మన గ్రూపుల్లో కుర్ర రైతులు చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, కమోడిటీ మార్కెట్ ప్రాక్టీసు చేయడానికి మంచి యాప్ ఏది?" అని. అసలు డబ్బు పెట్టకుండా, ఉత్తుత్తి డబ్బుతో పసుపు, జీలకర్ర, ధనియాలు కొని అమ్మే యాప్‌లు ఉన్నాయి కదా, వాటి గురించి. పేపర్ ట్రేడింగ్ అంటారు, వర్చువల్ ట్రేడింగ్ అంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఆ యాప్‌లు ట్రేడర్‌కు నేర్పుతాయి, రైతుకు కాదు. రైతుకు కూడా సిమ్యులేటర్ కావాలి, గట్టిగా కావాలి. కానీ అది రేపటి ధర చెప్పేది కాకూడదు. ధర ఎంత పడితే నేను మునుగుతానో, ఎన్ని నెలలు ఆగగలనో చెప్పేది కావాలి. ఈ రెండింటికీ తేడా తెలియక నేను లక్షా 34 వేలు పోగొట్టుకున్నా.

నా 30 క్వింటాళ్ల కథ

2024 మార్చి. పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టించి 30 క్వింటాళ్లు చేతికొచ్చింది. నిజామాబాద్ యార్డులో క్వింటాకు 14,200 అడిగారు. ముందు కొన్నేళ్లు 5 వేలు, 6 వేల దగ్గర ఏడ్చిన పంట అది. ధర కోసం, పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో మా జిల్లా రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి బరిలో నిలబడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట 14,200 అంటే పండగే.

మా బాపు ఒక్కటే మాట అన్నాడు. "అమ్మెయ్ బిడ్డా, చేతికొచ్చినయే పైసలు."

నేను వినలేదు. ఎందుకంటే అప్పటికి మూడు నెలలుగా ఫోన్‌లో పసుపు ఫ్యూచర్స్ ఉత్తుత్తి డబ్బుతో ఆడుతున్నా. యాప్ వాడు 10 లక్షల బొమ్మ డబ్బు ఇచ్చాడు. నేను దాన్ని 12 లక్షలు దాటించా. చార్టు చూస్తే ఇంకా పైకే పోయేట్టుంది. మూడు నెలలు గెలిచినవాడికి మార్కెట్ అర్థమైపోయిందనే అనిపిస్తుంది కదా. సరుకు ఆపేశా.

ఏప్రిల్‌లో నిజంగానే రేటు పెరిగింది. 16 వేలు దాటింది. అప్పుడైనా అమ్మానా? లేదు. 18 వస్తుందని చూశా. తర్వాత నెమ్మదిగా జారడం మొదలైంది. జారినప్పుడల్లా "మళ్లీ లేస్తుంది" అనుకున్నా. చివరికి 2025 జనవరిలో, కొత్త పంట వచ్చే ముందు, 11,600కు అమ్ముకున్నా.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. పది నెలల్లో సరుకు ఆరి 2 శాతం తరుగు పోయింది. అంటే మిగిలింది 29.4 క్వింటాళ్లు. వచ్చింది 3,41,040 రూపాయలు. గోదాం కిరాయి, హమాలీ, బండి కలిపి 9 వేలు. ఇంటి అవసరానికి తెచ్చిన 2 లక్షల అప్పుకు నూటికి 2 రూపాయల వడ్డీ, పది నెలలకు 40 వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 2,92,040. మార్చిలో అమ్మి ఉంటే 4,26,000 వచ్చేది, అప్పు కూడా అప్పుడే తీరేది.

రేటు పడడం కంటే నన్ను ఎక్కువ కొట్టింది ఇంకొకటి ఉంది. తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. మార్చిలో 14,200కు అమ్మినట్టే సమానంగా ఉండాలంటే, జనవరిలో నాకు 16,156 రావాలి. అంటే ధర దాదాపు 14 శాతం పెరిగితేనే నేను ఎక్కడ ఉన్నానో అక్కడే ఉంటా. నేనేమో 15 వేలు చూసినా "లాభంలో ఉన్నా" అనుకుంటూ తిరిగా. ఈ ఒక్క అంకె మార్చిలోనే నా కళ్ల ముందు ఉండి ఉంటే, బాపు మాట వినేవాణ్ని. యాప్‌లో ఆ అంకె చూపించే చోటే లేదు.

యాప్‌లో ఏం లేదు?

యాప్‌లను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫ్యూచర్స్ అంటే ఏంటి, మార్జిన్ అంటే ఏంటి, నెలనెలకు ధర ఎందుకు తేడా ఉంటుంది అన్నవి వాటి వల్లే నాకు అర్థమయ్యాయి. తెలుసుకోవడం మంచిదే. కానీ వాటిలో లేనివి ఇవి.

ఒకటి, తరుగు లేదు. స్క్రీన్ మీద పసుపు ఆరదు, పుచ్చదు, ఎలుక కొట్టదు.

రెండు, మన సరుకు లేదు. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఒక లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. 14,200 లెక్కన ఒక్క లాటు విలువే 7 లక్షల 10 వేలు. నా మొత్తం పంట ఒక లాటు కూడా కాదు. పైగా ఆ ధర నిర్ణీత నాణ్యత ఉన్న సరుకుకు. నా కుప్పలో కొమ్ము ఉంది, గోళ ఉంది, కొంచెం చూర కూడా ఉంది. యార్డులో ఖరీదుదారు చేతిలో విరిచి చూసి చెప్పే ధరకూ, స్క్రీన్ ధరకూ మధ్య ఎప్పుడూ తేడా ఉంటుంది. ఆ తేడా కూడా రోజూ ఒకేలా ఉండదు.

మూడు, ఇల్లు లేదు. పిల్లల ఫీజు కట్టే తేదీ లేదు, పెళ్లి లేదు, ఆసుపత్రి లేదు. యాప్‌లో ఎన్నాళ్లైనా ఆగొచ్చు. బయట మనల్ని అమ్మించేది చాలాసార్లు ధర కాదు, అవసరం.

నాలుగు, భయం లేదు. బొమ్మ డబ్బు పోతే నిద్ర పోతాం. అందుకే బొమ్మ డబ్బుతో తీసుకున్న ధైర్యం అసలు డబ్బు దగ్గర పనికిరాదు. అలా ధైర్యం తెచ్చుకుని అసలు ట్రేడింగ్‌కు పోయేవాళ్లు ఒక్క లెక్క చూడండి. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడినవాళ్ల మీద సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అది షేర్ల సంగతే, పసుపు సంగతి కాదు. అయినా సరే, వేలకు వేలు ఫీజు తీసుకుని కమోడిటీ కోర్సులు అమ్మేవాళ్ల మాటలు వినేముందు ఆ అంకె గుర్తుంచుకోండి.

ఐదు, ప్రభుత్వం లేదు. వరి, గోధుమ, శనగ, పెసర, సోయా, ఆవాలు, ముడి పామాయిల్ ఫ్యూచర్స్‌ను 2021 డిసెంబరులో సెబీ ఆపేసింది, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చింది. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, అదే ఏడాది డిసెంబరులో ఉల్లి ఎగుమతి ఆపారు. ఒక్క నోటిఫికేషన్‌తో బజారు తిరిగిపోతుంది. పాత చార్టుల మీద ఎంత ప్రాక్టీసు చేసినా అది ముందుగా కనిపించదు.

చింతగింజలతో ఆడిన మార్కెట్

సిమ్యులేషన్ అంటే పెద్ద సాఫ్ట్‌వేరే కానక్కర్లేదు. మా రైతు సంఘం మీటింగులో ఒకసారి 12 మందిమి చింతగింజలతో ఆడాం. ఒక్కొక్కరికి 5 గింజలు, అంటే 5 ఎకరాలు. ప్రతి "ఏడాది" ఎవరికి వారు ఎన్ని ఎకరాల్లో పసుపు వేస్తారో పక్కవాళ్లకు కనిపించకుండా గుప్పిట్లో పట్టుకోవాలి. అందరూ ఒకేసారి తెరవాలి. మొత్తం ఎకరాలను బట్టి ధర వస్తుంది. సూత్రం చాలా తేలిక: 20,000 లోంచి ఎకరాకు 300 చొప్పున తీసేయడమే.

మొదటి ఏడాది మొత్తం 22 ఎకరాలు. ధర 13,400. అందరి మొహాలు వెలిగిపోయాయి. రెండో ఏడాది గుప్పిళ్లు తెరిస్తే 41 ఎకరాలు! ధర 7,700. నవ్వులు, తిట్లు. మూడో ఏడాది భయపడి 19 ఎకరాలే వేశారు. ధర 14,300. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ మోసం చేయలేదు. అందరూ పోయిన ఏడాది ధర చూసే వేశారు, అంతే.

మా పెద్దమ్మ ఒకామె ఆరేళ్లూ రెండే గింజలు పట్టుకుంది. ఆమె మూడో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం వచ్చిన తమ్ముడు అందరికీ ఎదురు పోయి, అందరూ వేసినప్పుడు మానేసి, మానేసినప్పుడు ఐదూ వేశాడు. రెండో ఆటలో అదే ఉపాయం చేయబోతే, అప్పటికే ఇంకో నలుగురు అది కనిపెట్టారు. ఆ తమ్ముడు ఆఖరుకు పోయాడు. పెద్దమ్మ రెండో స్థానం.

దీన్ని ఆర్థికశాస్త్రంలో కాబ్‌వెబ్ అంటారు. గీసి చూస్తే సాలెగూడులా ఉంటుందని 1934లో నికొలస్ కాల్డర్ ఆ పేరు వాడాడు. 1938లో మొర్డెకై ఎజికియల్ దాని మీద రాసిన వ్యాసం బాగా పేరుపొందింది. అమెరికాలో పందుల పెంపకంలో ధర లేవడం, అందరూ పెంచడం, ధర పడడం అనే చక్రాన్ని ఆర్థికవేత్తలు గమనించారు. 1970లో డెనిస్ మెడోస్ అనే ఆయన సరుకుల ఉత్పత్తి చక్రాల మీద కంప్యూటర్ నమూనాలతో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పందుల దాకా ఎందుకు, 2023 జులైలో మదనపల్లెలో టమాటా కిలో 150 దాటింది, సెప్టెంబరుకల్లా రైతులు రోడ్డు పక్కన పారబోశారు. మనకు తెలియని కథ కాదు.

ఇదే ఆటను షీటులో పెట్టి చూశా. వీడియోలో రెండో భాగం అదే. అందరూ పోయిన ఏడాది ధర చూసి వేస్తే, ధర 13,000 నుంచి 9,600కు, మళ్లీ 12,320కు, మళ్లీ 10,144కు ఊగుతుంది. ఒక్క మార్పు చేశా. పోయిన ఏడాది ధర కాకుండా గత మూడేళ్ల సగటు చూసి వేస్తారని పెట్టా. అప్పుడు 13,000 తర్వాత 10,607, 10,742, 10,840. ఊగడం దాదాపు ఆగిపోయింది. ఇవి ఆట అంకెలే, పసుపు ధర అంచనా కాదు. కానీ విషయం అర్థమవుతుంది. ధర ఊగడానికి కారణం ఎప్పుడూ దళారే కాదు, మన గుప్పిళ్లు కూడా.

ఇంకా లోతుకు పోవాలనుకునే కుర్రాళ్లకు నెట్‌లోగో, ఇన్‌సైట్ మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వందలమంది రైతుల్ని, వ్యాపారుల్ని స్క్రీన్ మీద పెట్టి ఆడించొచ్చు. పైథాన్ వచ్చినవాళ్లు ఇంకా చేయొచ్చు. కానీ మొదలు మాత్రం చింతగింజలతో పెట్టండి.

మన వాళ్లకు నచ్చని లెక్క

ప్రకృతి వ్యవసాయం మీటింగుల్లో ఒక మాట తరచూ వింటాం. "మన ఖర్చు తక్కువ, ధర పడినా మనకేం కాదు." నేను కూడా చాలాసార్లు అన్నా. షీటులో పెట్టి చూస్తే అది సగమే నిజం.

నా ఎకరా ఖర్చు 95 వేలు. విత్తన కొమ్ము, కూలీలు, ఉడకబెట్టడం మనకూ తప్పవు కదా. దిగుబడి ఎండు పసుపు 18 క్వింటాళ్లు. అంటే క్వింటాకు నా గిట్టుబాటు గీత 5,278. మా పక్క పొలం రసాయన సాగు. ఖర్చు లక్షా 30 వేలు, దిగుబడి 23 క్వింటాళ్లు. అతని గీత 5,652. తేడా 374 రూపాయలు. ఎకరాకు 35 వేలు ఆదా చేసిన నేను, క్వింటా దగ్గరికి వచ్చేసరికి 374 రూపాయలే ముందున్నా.

ఇంకో అడుగు వెనక్కి పోదాం. మారిన మొదటి రెండేళ్లు నాకు 14 క్వింటాళ్లే వచ్చింది. అప్పుడు నా గీత 6,786. అంటే మారే కాలంలో ధర పడితే రసాయన రైతు కంటే ముందు మునిగేది మనమే. ఈ మాట మనం కొత్తవాళ్లకు చెప్పడం లేదు. చెప్పకుండా ఐదెకరాలూ ఒకేసారి మార్చమంటున్నాం. ఆ రెండేళ్లలో ధర పడితే వాళ్లు ప్రకృతి వ్యవసాయాన్నే తిట్టుకుని వెళ్లిపోతారు. తప్పు జీవామృతానిది కాదు, లెక్క వేయకుండా దింపిన మనది. మొదట అరెకరం, ఎకరం మార్చమని నేను ఇప్పుడు చెప్పేది అందుకే.

మరి మన అసలు బలం ఎక్కడుంది? నా షీటు ప్రకారం రెండు చోట్ల. మందుల దుకాణంలో ఉద్దెర ఖాతా లేదు కాబట్టి పంట రాగానే అమ్మి కట్టాల్సిన ఒత్తిడి తక్కువ. రెండోది, పొడి పట్టించి నేరుగా ఇళ్లకు అమ్మే 5 క్వింటాళ్లకు ధర నేనే పెడతా, దానికి యార్డు ఊగుడు అంతగా తగలదు. మన బలం తక్కువ ఖర్చులో కంటే, తక్కువ అప్పులో, తెలిసిన కొనుగోలుదారులో ఉంది.

ఈ షీటులో ఏం పెట్టాలి?

వీడియో చూసే ఓపిక లేనివాళ్లకు క్లుప్తంగా చెప్తా.

ముందు మీ మార్కెట్ పాత ధరలు. ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైటులో మార్కెట్ వారీగా, తేదీ వారీగా దొరుకుతాయి. పదేళ్లవి తీయండి. పదేళ్ల కిందటి 7 వేలు, ఇప్పటి 7 వేలు ఒకటి కాదు కాబట్టి పాత ధరల్ని ఇప్పటి విలువకు కొంచెం పెంచుకోవాలి.

తర్వాత మీ దిగుబడులు, బాగా వచ్చిన ఏడాది, రాని ఏడాది రెండూ. షీటులో ర్యాండ్ ఫంక్షన్‌తో ఒక ధర, ఒక దిగుబడి లాటరీలా తీయించి, అలా వెయ్యి వరసలు చేయండి. వెయ్యిలో ఎన్నిసార్లు ఖర్చు కూడా రాలేదో లెక్కపెట్టండి. దీన్నే మాంటే కార్లో అంటారు. ఒక జాగ్రత్త ఉంది. రాష్ట్రమంతా పంట పోతే ధర పెరుగుతుంది. మీ ఒక్క ఊళ్లో పోతే పెరగదు. ఆ రెండోదే మనల్ని ముంచేది, దాన్ని కూడా వరసల్లో పెట్టండి.

మూడోది ఆగితే అయ్యే ఖర్చు. తరుగు, కిరాయి, హమాలీ, వడ్డీ. నెలనెలకూ మీ "సమాన ధర" ఎంతో పక్కనే కనిపించాలి. నా 16,156 లాంటి అంకె. ఇక్కడే అంకెలు మార్చి చూడడం ఉపయోగపడుతుంది. అదే 2 లక్షలు నూటికి 2 రూపాయలకు కాకుండా, గిడ్డంగి రసీదు మీద బ్యాంకులో ఏడాదికి 9 శాతానికి దొరికితే? వడ్డీ 40 వేలు కాస్తా 15 వేలవుతుంది, సమాన ధర 15,306కు దిగుతుంది. 14 శాతం పెరగాల్సింది 8 శాతం పెరిగితే చాలు. ధర మన చేతిలో లేదు, వడ్డీ కొంతవరకు ఉంది.

2025 పంటకు నేను ఈ షీటు చూసే అమ్మా. మొదటి మూడో వంతు రాగానే అమ్మేసి అప్పు కట్టేశా. పోయిన ఏడాది 40 వేలు తిన్న వడ్డీ ఈసారి ఒక్క నెల, 4 వేలతో పోయింది. రెండో వంతుకు ముందే ఒక తేదీ రాసి పెట్టుకున్నా, ఆ తేదీకి ఏ ధర ఉంటే ఆ ధరకు ఇచ్చేశా. మిగిలింది పొడికి. గొప్ప ధర కొట్టానా అంటే, లేదు. ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే తెలిసింది, అంతే.

ఎవరు చేయాలి?

2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ధరల అంచనాలు ఇచ్చే విభాగం ఉంది. ఈ-నామ్ 2016 నుంచి నడుస్తోంది. సమాచారం కొరత లేదు. కొరత ఉన్నది ఆ సమాచారాన్ని నా 30 క్వింటాళ్లకు, నా అప్పుకు, నా తరుగుకు కలిపి చూపించే పనిముట్టు. "వచ్చే నెల ధర ఇంత నుంచి ఇంత" అని చెప్పి వదిలేస్తే సరిపోదు. "మీరు ఆగితే సమాన ధర ఇంత" అని రైతు తన అంకెలు వేసుకుని చూసుకునేది తెలుగులో కావాలి, మామూలు ఫోన్‌లో నడవాలి. ఎఫ్‌పీఓలు ముందుకొస్తే పెద్ద ఖర్చు కూడా కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. 2025లో గుంటూరు మిర్చి ధర కూలినప్పుడు కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. అంత పెద్ద పతనం వస్తే ఏ షీటూ రైతును కాపాడదు. మద్దతు ధర అడగడం, కొనుగోళ్లు అడగడం మానకూడదు. "షీటు నేర్చుకో, నీ నష్టం నీ తప్పే" అనేవాళ్లకు నా రాత వాడుకునే అవకాశం ఇవ్వను. లెక్క తెలిసిన రైతు అడిగితే ఆ అడగడానికి బరువు ఎక్కువుంటుంది, అందుకే చెప్తున్నా.

షీటు కావాల్సినవాళ్లు వీడియో కింద లింకులో తీసుకోండి, డబ్బులేమీ అక్కర్లేదు. నా అంకెలు తీసేసి మీవి వేసుకోండి. దానికి ముందు ఒక పని చేయండి. గత మూడేళ్ల తక్‌పట్టీలు అటక మీదో, బీరువా కిందో ఉంటాయి, దులిపి బయటికి తీయండి. మా ఇంట్లో మాత్రం అవి బాపు ట్రంకు పెట్టెలో దొరికాయి, 2011 నుంచి తేదీల వరసన, దారంతో కట్టి. నేను యాప్‌లో వెతికిందంతా ఆ కట్టలోనే ఉంది.